బొమ్మల కథ గీద్దాం – 5వ పాఠం: ఎర్జే గీత

పోయిన పాఠంలో పేజీని గళ్లుగా విడగొట్టాం. ఇప్పుడు ఆ గళ్లలో గీసే గీత సంగతి చూద్దాం. బొమ్మల కథల కుర్ర విలేకరి టిన్‌టిన్‌ను సృష్టించిన బెల్జియం చిత్రకారుడు ఎర్జేను మించిన మాస్టారు దీనికి నాకు కనిపించలేదు.

ఆయన అసలు పేరు జార్జ్ రెమి, 1907లో బ్రస్సెల్స్‌లోని ఎటర్‌బెక్‌లో పుట్టారు. 1929 జనవరి 10న ఒక దినపత్రిక పిల్లల అనుబంధంలో టిన్‌టిన్ మొదలైంది. సోవియట్ల దేశంలో నడిచే ఆ మొదటి కథ దొరికితే తిరగేయండి. గీత గరుకు, వెనక దృశ్యం చాలాచోట్ల ఖాళీ. రెండోది కాంగో కథ. అందులో ఆఫ్రికన్ల బొమ్మలు చూస్తే ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది. మనుషుల్ని చూడకుండా, వాళ్ల గురించి ఊళ్లో అనుకునే మాటల్ని గీస్తే అలాగే వస్తుంది మరి.

1934లో, బ్రస్సెల్స్ కళల అకాడమీలో చదువుతున్న చైనా విద్యార్థి జాంగ్ చోంగ్‌రెన్ పరిచయమయ్యాక ఎర్జే పని మారింది. వెంటనే వచ్చిన టిన్‌టిన్ కథ 'బ్లూ లోటస్'లో షాంఘై గోడల మీద ఉన్నవి పిచ్చిగీతలు కావు, చదవగలిగే అసలు చైనా అక్షరాలు. అప్పటినుంచి ముందు ఫొటోలు, పత్రికల కత్తిరింపులు పోగేయడం, తర్వాతే గీయడం.

ఇక గీత. మనిషికైనా కారుకైనా కొండకైనా దాదాపు ఒకే మందం. నీడల కోసం అడ్డదిడ్డంగా గీకడం ఉండదు. చూడ్డానికి సులువు, గీయబోతే టెన్షన్! గీకుళ్ల చాటున చేతి తడబాటు దాగిపోతుంది, ఇక్కడ ఆ అవకాశమే లేదు. 1977లో డచ్ చిత్రకారుడు యోస్ట్ స్వార్టె ఈ పద్ధతికి 'తేట గీత' అనే అర్థంలో పేరు పెట్టాడు.

అంత శుభ్రమైన గీత వెనక ఉన్నది మహా మురికి పెన్సిల్ పేజీ. ఎర్జే ఒకే కాలిని గీతమీద గీతగా, ఊపు దొరికేదాకా గీస్తూనే ఉండేవారు. తర్వాత దానిమీద ట్రేసింగ్ పేపర్ పరిచి, ఆ చిక్కులోంచి సరైన ఒక్క గీతను ఏరుకుని, శుభ్రమైన కాగితం మీదికి ఎక్కించి, అప్పుడు సిరా పెట్టేవారు. 1950లో సొంత స్టూడియో పెట్టాక కార్లు, ఇళ్లు, వెనక దృశ్యాలు సహాయకులు గీసినా, ముఖ్య పాత్రలను మాత్రం ఎక్కువగా తన చేతిలోనే ఉంచుకున్నారు.

మీ పని: బస్సు కోసం పరిగెత్తే మనిషిని నాలుగు గళ్లలో గీయండి. రబ్బరు ముట్టుకోవద్దు, తప్పనిపిస్తే పైనే మళ్లీ గీయండి. పరుగు ఎడమనుంచి కుడికి పోనివ్వండి, మనం చదివే దిశ అదే. ట్రేసింగ్ పేపర్ వేశాక ముందు మెడ దగ్గర మొదలై వెన్ను మీదుగా వెనక మడమ దాకా పోయే గీతను వెతకండి. అది కుదిరితే చేతులు, బ్యాగు వాటంతటవే సర్దుకుంటాయి. కుదరకపోతే ముఖం ఎంత అందంగా గీసినా మనిషి నిలబడిపోయినట్టే ఉంటాడు. ముఖానికి రెండు చుక్కల కళ్లు, చిన్న ముక్కు చాలు. సిరా అంతటికీ ఒకే పెన్ను వాడండి.

అయ్యాక కాగితాన్ని తిరగేసి వెలుతురుకు అడ్డంగా పట్టుకోండి. మనిషి ఒకవైపు ఒరిగిపోయినట్టు కనిపిస్తే ఆ గడి మళ్లీ పెన్సిల్ నుంచి మొదలుపెట్టాల్సిందే. రంగులు ఇప్పుడే వేయకండి, వచ్చే పాఠంలో ఇదే పేజీ మీద వేస్తాం.