మామిడి రసం చేసిన గాభరా

మొన్న మధ్యాహ్నం, భోజనమైన రెండు గంటలకి అమ్మకి షుగర్ చూస్తే 318. గుండె గుభేలుమంది. పరగడుపున 124 ఉంది, తిన్నది రెండు పుల్కాలు, బీరకాయ కూర. ఇంకో మాత్ర వేసుకుంటానంటే ఆపాను.

అప్పుడు కనపడింది, గోరు అంచున పసుప్పచ్చగా మామిడి రసం. కాసేపటి క్రితమే పిల్లలకి బంగినపల్లి కోసిపెట్టింది! సబ్బుతో చేతులు కడిగించి, పొడి తువ్వాలుతో బాగా తుడిచి, వేరే వేలు పొడిచి కొత్త స్ట్రిప్‌తో చూస్తే 156.

వేలికంటిన తీపి రక్తపు బొట్టులో కలిస్తే మీటర్ దాన్నీ లెక్కేస్తుంది. స్పిరిట్ దూదితో తుడిస్తే చాలదు, నీళ్లతో కడగాల్సిందే. వేలు తడిగా ఉన్నా బొట్టు పలచనై తప్పు చూపిస్తుంది. మీటర్ డబ్బా మీద ‘చేతులు కడుక్కో అమ్మా’ అని చీటీ అంటించాను.