అమ్మను డాక్టరుకు చూపించే రోజు

మా అమ్మకు 79 ఏళ్ళు. విశాఖ పాతనగరంలో ఒక మున్సిపల్ పాఠశాలలో 31 ఏళ్ళు లెక్కలు చెప్పింది. నాలుగేళ్ళ క్రితం, డిమెన్షియా (మతిమరుపు జబ్బు) పరీక్షకు మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు, ఒక యువ డాక్టరు "ఇది ఏ నెల?" అని అడిగారు. "మార్గశిరం" అంది అమ్మ. ఆయన సున్నా వేశారు. ఆ ముందు గురువారమే అమ్మ మార్గశిర పూజకని బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి వెళ్ళి, తన చేతులతోనే అమ్మవారికి పసుపు కుంకుమలు సమర్పించి వచ్చింది. జవాబు సరైనదే. పక్కనే ఉండి నేను నోరు మెదపలేదు. మీరు అలా ఉండకూడదనే ఇది రాస్తున్నాను.

ముందురోజు రాత్రే ఒక అరఠావు కాగితం రాసుకోండి. "మతిమరుపు ఎక్కువైంది" అని రాస్తే డాక్టరుకు ఏమీ తెలియదు. "నెలలో రెండుసార్లు పూర్ణా మార్కెట్ నుంచి ఇంటిదారి తప్పింది, పప్పులో ఉప్పు మళ్ళీ మళ్ళీ వేస్తోంది" అని రాస్తే తెలుస్తుంది. వాడే మందులన్నీ సంచిలో వేసుకెళ్ళండి. నిద్రమాత్రలు, జలుబు మాత్రలు కూడా మరిచిపోవద్దు. వాటిలో కొన్ని అయోమయాన్ని పెంచుతాయి. నేను చివర్లో ఇలా రాస్తాను: "కుడిచెవి వినిపించదు, ఎడమవైపు కూర్చుని మాట్లాడండి. తెలుగు నెలలు, తిథులే చెబుతుంది." కాగితాన్ని ఓపీ చీటీతో పాటే లోపలికి పంపించండి. ఆమె ఎదుట చదవొద్దు. తన పొరపాట్ల జాబితా కన్నబిడ్డ నోట వినడం ఎవరికైనా నరకమే. మాట తడబడినా అవమానం తెలుస్తూనే ఉంటుంది.

కళ్ళద్దాలు, వినికిడి యంత్రం లేకుండా పరీక్షకు కూర్చోబెట్టవద్దు. 1975లో అమెరికాలో రూపొందించిన 30 మార్కుల పరీక్షను ఇప్పటికీ చాలాచోట్ల వాడుతున్నారు. తేదీ, ఊరు, మూడు మాటలు గుర్తుంచుకోవడం, నూరులోంచి ఏడేసి తీసుకుంటూ పోవడం అందులో ఉంటాయి. బడికి వెళ్ళని వారికి అది న్యాయం చేయదు. అందుకే హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల కోసం 1990లలో దానికి హిందీ రూపం తయారు చేశారు. కాబట్టి చదువెంత, ఏ భాషలో లెక్కపెడతారు, ఏ పంచాంగం చూస్తారు అన్నది ముందే చెప్పండి. పరీక్ష మొదలయ్యాక మాత్రం జవాబు అందించవద్దు.

గదిలో డాక్టర్లు సాధారణంగా మన వైపే చూసి, "రాత్రి నిద్రపోతున్నారా?" అని అడుగుతారు. నేను జవాబు చెప్పను. అమ్మ వైపు తిరిగి, "అమ్మా, నీ నిద్ర గురించి అడుగుతున్నారు" అంటాను. డాక్టరు చూపు కూడా అటు తిరుగుతుంది. తర్వాత ఆగాలి. మనసులో పది లెక్కపెట్టుకోండి. అమ్మ తరచుగా ఎనిమిది దగ్గర మాట మొదలుపెడుతుంది. ఆమె చెప్పిన దానికి మనం కలపాల్సింది ఏమైనా ఉంటే తర్వాత కలపవచ్చు. "గుర్తుందా?" అన్న ప్రశ్నను మాత్రం ఇంట్లో నుంచే బహిష్కరించండి. మేనమామ వస్తే, "మామయ్య వచ్చాడమ్మా" అని మనమే చెబితే సరిపోతుంది.

ఇక అన్నిటికన్నా నన్ను బాధపెట్టే విషయం. "చిట్టితల్లీ, నోరు తెరువు, ఆఁ... మనం మందు వేసేసుకుందామా!" అంటారు నర్సులు. ప్రేమతోనే అంటారు, అది నాకు తెలుసు. ఈ తరహా మాటను పరిశోధకులు ఎల్డర్‌స్పీక్ అంటారు. అమెరికాలో నర్సింగ్ పరిశోధకురాలు క్రిస్టీన్ విలియమ్స్ బృందం వృద్ధాశ్రమాల్లో డిమెన్షియా ఉన్న 20 మందికి సేవలు చేస్తున్నప్పుడు వీడియో తీసి గమనించింది. 2009లో ఫలితాలు వచ్చాయి. పసిపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడితే వారు ఎదురుతిరిగే అవకాశం 55 శాతం, పెద్దవారితో మాట్లాడినట్టు మాట్లాడితే 26 శాతం. మన భాషలో దీనికి ఇంకో ముల్లు ఉంది: "మీరు" కాస్తా "నువ్వు" అయిపోవడం. కూతురిగా నేను నువ్వు అంటాను. పరిచయం లేని పాతికేళ్ళ అమ్మాయి అంటే, ఊళ్ళో సగం మందికి ఎక్కాలు నేర్పిన మనిషి మొహం తిప్పుకుంటుంది. నేను ఎవరినీ తప్పుపట్టను. అడుగుపెట్టగానే, "సిస్టర్, అమ్మ లెక్కల టీచరు. టీచరుగారూ అని పిలవండి" అంటాను. "టీచరుగారూ, బీపీ చూస్తాను, చెయ్యి ఇవ్వండి" అన్న రోజు అమ్మ తనంతట తానే చెయ్యి చాపింది.

ఇదంతా ముందుగా అనుకుని వెళ్ళే రోజు సంగతి. ఒకటి రెండు రోజుల్లోనే మనిషి ఒక్కసారిగా మారిపోతే, అంటే పగలంతా మత్తుగా ఉండటం, లేనివాళ్ళు కనిపిస్తున్నారనడం లాంటివి చేస్తే, జబ్బు ముదిరిందని ఇంట్లో కూర్చోవద్దు. అదే రోజు చూపించండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర కూడా కారణం కావచ్చు. నొప్పి ఉందని వాళ్ళు చెప్పలేకపోవచ్చు. నుదురు ముడుచుకోవడం, ముట్టుకుంటే మూలగడం గమనించి డాక్టరుకు చెప్పండి. గత ఆగస్టులో అమ్మ నన్ను చూసి "ఎవరమ్మా నువ్వు?" అంది. మూత్రపరీక్షలో ఇన్ఫెక్షన్ బయటపడింది. మందులు మొదలుపెట్టిన ఐదో రోజు పొద్దున, కాఫీలో చక్కెర తక్కువైందని నన్ను పేరుపెట్టి కేకేసింది.