గొర్రెలు లేని ఇంట్లో గొర్రెల కుక్క

మా అబ్బాయి ఐదో పుట్టినరోజు నాడు సెల్లార్‌లో పిల్లలు గోలగోలగా పరుగులు పెడుతున్నారు. మా కుక్క చుక్కకి, అది బోర్డర్ కోలీ జాతి, అప్పుడు పది నెలలు. నేను కేకు పెట్టె విప్పి తల ఎత్తేసరికి పదకొండు మంది పిల్లలూ రెండు కార్ల మధ్య మూలలో గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్ళని అక్కడికి ఎవరూ రమ్మనలేదు. ఎదురుగా చుక్క పొట్ట నేలకి ఆనించి, తల దించి, రెప్ప వేయకుండా చూస్తోంది. ఒక పిల్లాడు పక్కనుంచి జారుకోబోతే మడమ మీద చటుక్కున పన్ను ఆనించింది. గాటు పడలేదు, రేబిస్ టీకా కూడా వేయించే ఉంది. అయినా సబ్బుతో పావుగంట కడిగించి డాక్టరుకి చూపించాం.

వాళ్ళమ్మ అడిగింది: "అన్నయ్యా, మీ కుక్క కరుస్తుందా?"

"కరవదమ్మా, కాస్తుంది" అన్నాను. ఆవిడ నవ్వలేదు.

బోర్డర్ కోలీ కొందామనుకుంటున్నామని ఎవరు అడిగినా ముందు ఈ సంగతే చెబుతాను. ఇన్‌స్టాగ్రామ్‌లో నలుపు తెలుపు బొచ్చు, తెలివైన కళ్ళు చూసి ముచ్చటపడతారు. ఆ కళ్ళు అలా తయారైంది ముచ్చట కోసం కాదు. ఈ జాతి ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో పుట్టింది. 1893లో నార్తంబర్లాండ్‌లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే మగకుక్కని దీనికి మూలపురుషుడిగా చెబుతారు. గోల చేయకుండా, చూపుతోనే గొర్రెల్ని కదిలించేదని దానికి పేరు. ఆ చూపే మా సెల్లార్‌లో పదకొండు మందిని మూలకి చేర్చింది.

మా నాన్నవైపు వాళ్ళది మహబూబ్‌నగర్ దగ్గర గొర్రెలు కాసిన ఇల్లు. గొర్రెల కుక్కే కదా, మనకి కొత్తేముంది అనుకున్నాను. ఒకసారి చుక్కని ఊరికి తీసుకెళ్తే మా చిన్నాయన మంద దొడ్డి బయట దాన్ని కాసేపు గమనించి, "అరేయ్, మన కుక్కలు తోడేలు దిక్కు చూస్తయ్. ఇది గొర్లనే చూస్తున్నది" అన్నాడు. ఉన్న తేడా అంతా అదే. మన మందల వెంట తిరిగే కుక్కల పని కాపలా, రోజులో సగం పడుకునే ఉంటాయి. ఇది తోలే కుక్క. కదిలేది ఏదైనా దీనికి పనే: సైకిలు, స్విగ్గీ బండి, చీపురు, మిక్సీ దగ్గరికి వెళ్ళే మా అమ్మ. అన్నట్టు, ఊళ్ళో మంద ఉంది కదా అని నేర్పని కుక్కని గొర్రెల మీదికి వదలకండి. సూడి గొర్రెలు బెదిరి పరుగెత్తితే ఈసుకుపోతాయి, కడుపులో పిల్ల దక్కదు. చిన్నాయన నన్ను దొడ్డి గేటు కూడా తియ్యనివ్వలేదు.

ఇక ఇంట్లో లెక్క చూసుకోండి. రోజుకి రెండు గంటలు కుక్కతో గడిపే మనిషి ఎవరు? "అందరం చూసుకుంటాం" అంటే ఎవరూ చూసుకోరని అర్థం. మా ఇంట్లో పొద్దున నేను, సాయంత్రం మా అమ్మాయి, మధ్యాహ్నం ఇష్టం లేకపోయినా మా ఆవిడ. ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్ళి ఇంటికి తాళం పడే పరిస్థితి ఉంటే ఈ జాతి జోలికి వెళ్ళకండి. వీధిలో పుట్టిన దేశీ పిల్లని పెంచుకోండి, మన ఎండకి అదే తట్టుకుంటుంది. బోర్డర్ కోలీ పన్నెండు, పదిహేనేళ్ళు బతుకుతుంది. చుక్కని కొన్నప్పుడు మా అబ్బాయికి నాలుగేళ్ళు, అంటే వాడి ఇంటర్ దాకా అన్నమాట.

కొనేటప్పుడు నేను చేసిన తప్పు వయసు దగ్గర. అమ్మినాయన అరవై రోజులన్నాడు. టీకా వేయించడానికి తీసుకెళ్తే పళ్ళు చూసిన డాక్టరు నలభై దాటి ఉండవన్నారు. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనల్లోనే ఉంది. తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర ఉన్న ఆ వారాల్లోనే పన్ను ఎంత నొక్కితే ఎదుటిదానికి నొప్పో పిల్ల నేర్చుకుంటుంది. మాదానికి ఆ పాఠం తప్పింది. దాని బదులు నా చేతులు నేర్పాయి.

కాబట్టి పిల్లని ఫొటోలో చూసి డబ్బు పంపకండి. వెళ్ళి తల్లిని చూడండి. తల్లి మనిషిని చూసి మూలకి నక్కినా, ఆగకుండా గుండ్రంగా తిరుగుతున్నా వెనక్కి వచ్చేయండి. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా జాతి నమోదు కాగితాలుంటే, పిల్ల ఒంట్లోని మైక్రోచిప్ నంబరుతో సరిచూసుకోండి. తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే, కళ్ళ పరీక్ష అడగండి. అడిగితే విసుక్కునేవాళ్ళ దగ్గర కొనకపోవడమే మంచిది. మచ్చలమచ్చల బూడిదరంగు, అంటే మెర్ల్, ఖరీదని అంటగడతారు. తల్లీ తండ్రీ ఇద్దరూ మెర్ల్ అయితే పిల్లల్లో కొన్ని చెవిటివో గుడ్డివో పుడతాయి. పిల్ల వెనక నిలబడి, దానికి కనపడకుండా ఒకసారి తాళాలు ఆడించి చూడండి. గుంపులో ముందుగా దూకి వచ్చే హుషారు పిల్లని అందరూ ఎత్తుకుంటారు. పిల్లలున్న ఇంటికి కాసేపు చూసి, నెమ్మదిగా దగ్గరికొచ్చి, ఒళ్ళో సర్దుకుని పడుకునేదే నయం.

ఇంటికొచ్చాక మొదట నేర్పాల్సింది షేక్‌హ్యాండ్ కాదు, "పడుకో". ఇంగ్లండ్, స్కాట్లండ్ కాపరులు కూడా కుక్కని ఎంత దూరంలోనైనా ఆపగలగడం మీదే ఎక్కువ శ్రమ పెడతారు. రెండోది "చాలు". పని అయిపోయింది, ఇక వచ్చెయ్ అని వాళ్ళకి ఒక మాట ఉంటుంది, మాకు అదే "చాలు". ఆ మాట తర్వాత బంతి బీరువాలోకి వెళ్ళిపోతుంది, ఎవరు ఎంత బతిమాలినా బయటికి రాదు. ఈ విషయంలో మా నాన్నని మార్చడానికి కుక్కని మార్చడం కన్నా ఎక్కువ కాలం పట్టింది.

మడమలు పట్టే అలవాటుకి మేం చేసింది ఇది. పిల్లలు పరుగెత్తే చోట చుక్క పట్టీ నా చేతిలోనే. దూరంగా నిలబడతాం. వాళ్ళని చూస్తూ ఒళ్ళు బిగిస్తుంది, నేనేమీ అనను. ఎప్పుడో ఒక క్షణం తల తిప్పి నా వైపు చూస్తుంది. వెంటనే ఉడికించిన చికెన్ ముక్క. రోజుకి పది నిమిషాలు, వారానికో నాలుగడుగులు దగ్గరికి. మూడు నెలలు పట్టింది. ఇప్పుడు పిల్లలు అరుస్తూ పరుగెత్తితే నా జేబు వాసన చూస్తుంది. పిల్లలకీ ఒక రూలు పెట్టాం: చుక్క వంగి చూస్తోందంటే పరుగు ఆపి చెట్టులా నిలబడాలి.

కాళ్ళని అలసట పెడితే చాలనుకోవడం నేను చేసిన ఇంకో పొరపాటు. ఎంత పరుగెత్తిస్తే అంత దమ్మున్న కుక్క తయారవుతుంది గానీ నిద్రపోయే కుక్క కాదు. బుర్రకి పని కావాలి. దాని తిండిలో సగం గిన్నెలో పెట్టం. పాత తువ్వాల్లో చుట్టి ముడి వేస్తాం, లేదా గదుల్లో దాచి వెతకమంటాం. అమెరికాలో జాన్ పిల్లీ అనే రిటైర్డ్ ప్రొఫెసర్ తన బోర్డర్ కోలీ చేజర్‌కి 1,022 బొమ్మల పేర్లు నేర్పారు. మా అమ్మాయి పద్నాలుగు దగ్గర ఆగింది: కాకి, టమాట, బుడంకాయ వగైరా. పద్నాలుగోది "తాత కాలి చెప్పు". అది నేర్పకుండా ఉండాల్సింది. పిల్లకి ఏడాది దాటేదాకా గెంతించడం, బండి వెంట పరుగెత్తించడం వద్దు, ఎముకలు ఇంకా ముదరవు.

లేజర్ టార్చి మాత్రం ఎవరిచ్చినా ఇంట్లోకి రానివ్వకండి. మా ఇంట్లో నాలుగు రోజులు ఆడించాం, అందరం తెగ నవ్వాం. ఐదో రోజు నుంచి చుక్క గోడల్ని చూడటం మొదలుపెట్టింది. నా వాచీ మెరుపు, స్టీలు పళ్ళెం వెలుగు, ఫ్యాన్ నీడ, ఏది కదిలినా తిండి మానేసి దాని వెంటే. ఈ జాతిలో ఇది పిచ్చిగా ముదురుతుంది. సాయంత్రం ఎండ పడే కిటికీకి మందపాటి తెర కట్టి, పళ్ళేలు దాచి, వెలుగు కనపడగానే వేరే పనిలో పెట్టి మాన్పించేసరికి ఆరు నెలలు.

మన దగ్గర అసలు పరీక్ష ఎండ. ఏప్రిల్, మే నెలల్లో మేం తెల్లవారుజామున ఐదింటికి దిగి ఆరున్నరకల్లా పైకొచ్చేస్తాం. సాయంత్రం రోడ్డు మీద అరచేతి వెనక భాగం ఐదు సెకన్లు ఆనించి చూస్తాను. నాకు కాలితే దానికీ కాలుతుంది. ఒక మార్చిలో తొమ్మిదింటికి, ఎండ అంతగా లేదులే అని, ఖాళీ లేఅవుట్‌లో బంతి విసిరాను. పదిహేనోసారి తెస్తుంటే వెనక కాళ్ళు అల్లుకుపోయి పక్కకి తూలింది. పడుతూ లేస్తూ కూడా బంతి తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టింది. ఇది తనంతట తాను ఆగదు, మనమే ఆపాలి. నీడకి మోసుకెళ్ళి, పొట్ట, తొడల లోపల, పాదాలు మామూలు నీళ్ళతో తడిపి, అట్ట ముక్కతో విసిరితే పావుగంటకి లేచింది. చిగుళ్ళు ఎర్రగా కందినా, సొల్లు చిక్కగా కారినా, ఒళ్ళు వేడి 41 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వెళ్ళినా తడుపుతూనే ఆసుపత్రికి పరుగెత్తాలి. మామూలుగా దానికి 38 నుంచి 39.2 దాకా ఉంటుంది. వేసవి అని బొచ్చు గొరిగించకండి. అది ఎండని కూడా ఆపుతుంది. వారానికి రెండుసార్లు దువ్వి ఊడిన బొచ్చు తీసేస్తే గాలి ఆడుతుంది. మా పప్పులో అప్పుడప్పుడు వెంట్రుక వస్తుంది, అది వేరే సంగతి.

వానాకాలంలో పిడుదులు. చెవుల లోపల, వేళ్ళ సందుల్లో రోజూ వేలుపెట్టి చూడాలి. తిండి మానేసి, చిగుళ్ళు తెల్లబడినా, ముక్కు నుంచి రక్తం వచ్చినా పిడుదుల వల్ల వచ్చే జ్వరమేమోనని ఆలస్యం చేయకుండా రక్తపరీక్ష. గజ్జికి ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ అంటే "ఇది కోలీ జాతి, ఎండీఆర్1 పరీక్ష చేయించలేదు" అని గుర్తు చేయండి. ఎండీఆర్1 అనే జన్యువులో లోపముంటే ఈ మందు పడదు. రఫ్ కోలీల్లో, ఆస్ట్రేలియన్ షెపర్డ్‌లలో ఆ జన్యులోపం ఎక్కువ, బోర్డర్ కోలీలో తక్కువే. కానీ ఉన్న కుక్కకి ఎక్కువ మోతాదు పడితే ప్రాణం మీదికొస్తుంది. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్ పెట్టకూడదు. పాయసంలో కిస్‌మిస్ ఉంటుందని మా అమ్మకి పండగ పండక్కీ చెప్పాలి. ఉత్త పెరుగన్నంతో ఈ కుక్క నిలవదు, మాంసమో గుడ్డో ఉండాల్సిందే.

చుక్కకి ఇప్పుడు నాలుగేళ్ళు. రాత్రి తొమ్మిదిన్నరకి మా ఆవిడ టీవీ కట్టేసి "చాలు" అంటుంది. అది లేచి అన్ని గదులూ తిరిగి, ఎవరెక్కడున్నారో లెక్క చూసుకుని, గుమ్మానికి అడ్డంగా గోనెపట్టా మీద పడుకుంటుంది. నేను ఆఫీసు నుంచి రావడం ఆలస్యమైతే మాత్రం లెక్క తక్కువైందని లిఫ్ట్ చప్పుడయ్యేదాకా తలుపు వైపే చూస్తూ కూర్చుంటుందట.