జూపిటర్ నోట్‌బుక్ పక్కన క్యూటీ విండో నిలవడం లేదా?

విండోలు తయారుచేసే లైబ్రరీ క్యూటీ. దానిలో పైథాన్‌తో విండో రాయడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. స్క్రిప్ట్‌గా నడిపితే చక్కగా వచ్చే విండో, కోడ్‌ను సెల్ అనే గడుల్లో రాసి ఒక్కొక్కటిగా నడిపే జూపిటర్ నోట్‌బుక్‌లో ఎందుకు మొరాయిస్తుందో చూద్దాం.

సెల్ పక్కన నక్షత్రం గుర్తు పోవడం లేదు

ఆ నక్షత్రం అంటే సెల్ ఇంకా నడుస్తోందని. స్క్రిప్ట్ చివర విండోను నడిపించే ఎగ్జెక్ లైన్ కూడా నోట్‌బుక్‌లోకి వచ్చేసింది. విండో మూసేదాకా ఆ లైన్ దాటి ఏదీ ముందుకు పోదు. తీసేయండి.

విండో తెల్లగా వచ్చి బిగుసుకుపోయింది

విండోను గీస్తూ, మౌస్ నొక్కులకు స్పందించే ఈవెంట్ లూప్ నడవడం లేదు. అన్నిటికన్నా ముందు, విడిగా ఒక సెల్‌లో శాతం గుర్తు, దానికి ఆనుకుని జీయూఐ, ఒక ఖాళీ వదిలి క్యూటీ అని చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో రాసి నడపండి. ఇక కెర్నల్ (మీ సెల్‌లను నడిపే ప్రోగ్రామ్) ఖాళీగా ఉన్నప్పుడల్లా విండో సంగతి చూసుకుంటుంది. కెర్నల్ రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ ఈ సెల్ మళ్లీ నడపాలి. దయచేసి ఇది మరవకండి. దీన్ని చూడకుండా ప్యాకేజీలన్నీ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తూ ఒక పూట పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

ఇదంతా చేసినా, సెల్‌లో పెద్ద లెక్క నడుస్తున్నంతసేపూ విండో కదలదు. రెండూ ఒకే థ్రెడ్ మీద నడుస్తాయి. పనిని ముక్కలు చేసి, కొంత కొంత సమయానికి ఒక్కో ముక్కను నడిపే క్యూటీ వారి క్యూ టైమర్‌కు అప్పగించండి.

విండో మెరుపులా వచ్చి మాయమైంది, ఎర్రర్ కూడా లేదు

నన్ను బాగా ఏడిపించింది ఇదే. సెల్‌లో నేరుగా రాసినప్పుడు విండో నిలిచింది. కోడ్ శుభ్రంగా ఉంటుందని అవే లైన్లను ఒక ఫంక్షన్‌లో పెట్టాను, మాయం. ఫంక్షన్ ముగియగానే అందులోని లోకల్ పేర్లు పోతాయి. విండోను పట్టుకున్న పేరు ఒక్కటీ మిగలకపోతే పైథాన్ దాన్ని చెత్త కింద ఊడ్చేస్తుంది, తెరమీది విండో కూడా దానితోపాటే పోతుంది. సెల్‌లో నేరుగా పెట్టిన పేరు గ్లోబల్ కాబట్టి బతికింది.

అసలు తిరకాసు ఇంకోటుంది. ఆ ఫంక్షన్ విండోను రిటర్న్ చేస్తూ, దాన్ని పిలిచిన లైన్ సెల్‌లో చివరిదైతే విండో నిలుస్తుంది. చివరి లైన్ ఫలితాన్ని నోట్‌బుక్ తన అవుట్ జాబితాలో దాచుకుంటుంది మరి. మర్నాడు దాని కింద ఒక ప్రింట్ లైన్ చేర్చాను, విండో మళ్లీ పోయింది. ప్రింట్‌కీ విండోకీ సంబంధమేమిటని ఎంతసేపు వెతికానో!

మందు చిన్నదే: ఫంక్షన్ విండోను రిటర్న్ చేయాలి, సెల్‌లో దాన్ని ఒక పేరులో ఉంచుకోవాలి. విండోలు చాలా ఉంటే సెల్‌లో ఒక లిస్ట్ పెట్టి అందులో వేయండి. అదే పేరుకు కొత్త విండో ఇస్తే పాతది మూసుకుపోతుంది, కంగారు పడకండి.

మిగతావి అరుదు. గూగుల్ వారి ఆన్‌లైన్ నోట్‌బుక్ కోల్యాబ్‌లోనో దూరపు సర్వర్‌లోనో కెర్నల్ నడుస్తుంటే విండో మీ తెర మీదికి రాదు, మీ సొంత కంప్యూటర్‌లో నడపండి. లినక్స్‌లో ఎక్స్‌సీబీ ప్లగిన్ (క్యూటీ విండోను తెరమీద చూపించే భాగం) లోడ్ కాలేదని వస్తే, బొమ్మలతో పనిచేసే లైబ్రరీ ఓపెన్‌సీవీ తెచ్చిన క్యూటీతో గొడవ కావచ్చు. ఓపెన్‌సీవీని తీసేసి, దానిలోనే విండోలు లేని హెడ్‌లెస్ రకం వేసి చూడండి.