ఏడో పాఠం: వాడు బెంగళూరు బస్సు ఎందుకెక్కడు?

ఈ సినిమా స్క్రిప్టు పాఠాల్లో పోయినసారి, గ్యాంగులో పడ్డ కుర్రాడి ‘మొదటి దెబ్బ’ దృశ్యం రాయమన్నాను. పంతొమ్మిది వచ్చాయి. పదకొండింట్లో సుమోలున్నాయి. ఒకరైతే ఆరు సుమోలు రాసి, కిందనే ‘బడ్జెట్టు లేకపోతే మూడు చాలు’ అని నాకు వెసులుబాటు కూడా ఇచ్చారు. కొంత తప్పు నాదే. ‘కడప కుర్రాడి కథ’ అని చెప్పి వదిలేశాను, ఏ కడపో చెప్పలేదు. మీరు తెర మీద చూసిన కడప రాసి పంపారు. కాబట్టి ఈ వారం చెబుదామనుకున్న మాటతీరు పాఠం వాయిదా. ముందు ఈ చిక్కు విప్పుకుందాం.

పల్లె ఫ్యాక్షన్ వేరు, టౌను గ్యాంగు వేరు. ఫ్యాక్షన్ ఊళ్లో పిల్లోడు పుట్టేసరికే వాడి పక్షం తేలిపోయి ఉంటుంది. తాతకు ఎవరితో పడలేదో వీడికీ వాళ్లతోనే పడదు. టౌన్లో పుట్టినవాడికి పక్షమేమీ ఉండదు. ఒక సాయంత్రం ఎవరిదో అరుగు మీద కూర్చుంటాడు, మర్నాడూ అక్కడే కూర్చుంటాడు, నెల తిరిగేసరికి ‘ఫలానా అన్న మనిషి’ అయిపోతాడు. అన్నంటే ఆ గ్యాంగు పెద్ద. వాడు ఎక్కడా సంతకం పెట్టలేదు. అందుకే వాడి కథ రాయడం కష్టం. సంతకం లేని బాకీ ఎట్లా చూపిస్తాం?

నేను రాసిన మొదటి స్క్రిప్టు మా మేనమామకు చదవమని ఇచ్చాను. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. సినిమాల మీద పెద్ద మోజు లేదు. రాత్రి భోజనమయ్యాక ట్యూబులైటు కింద కూర్చుని మొత్తం చదివి, కళ్లద్దాలు తీసి ఒకే మాట అడిగాడు: “ఏంరా, వీనికి బస్సుల్లేవా? రాయచోటి మీద బెంగళూరు బండి రోజూ పోతాంది గదా, ఎక్కనీకి ఏం రోగం?” నా దగ్గర జవాబు లేదు. ఎనభై పేజీల స్క్రిప్టును ఒక టికెట్టు చించి పారేసింది. అప్పటినుంచి దీన్ని బస్సు ప్రశ్న అంటున్నా. బెంగళూరు ఆరేడు గంటల దూరం, అక్కడ మన జిల్లా వాళ్లు లేని వీధి లేదు, పని దొరుకుతుంది. మరి మీ కుర్రాడు ప్రతి రాత్రీ అదే సందుకెందుకు తిరిగొస్తున్నాడు? దీనికి జవాబు లేకపోతే మీరు రాసింది కొట్లాట మాత్రమే.

కొందరు ఈ ప్రశ్న ముందే పసిగట్టారు, సంతోషం. కానీ జవాబుగా అమ్మను మంచాన పడేశారు. ఏడు దృశ్యాల్లో ఏడుగురు అమ్మలకు కిడ్నీలు పోయాయి. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, నేను కూడా పడతాను.

అమ్మ జబ్బు డబ్బు ఎందుకు కావాలో చెబుతుంది. ఊరు ఎందుకు వదల్లేడో చెప్పదు. ఈ రెండూ ఒకటి కావు. డబ్బు కావాల్సినవాడు బెంగళూరు పోయి, నెల జీతం రాగానే ఫోన్‌పేలో కొడతాడు. మన రాష్ట్రంలో 2007 నుంచి ఆరోగ్యశ్రీ ఉంది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, డయాలసిస్ అందులోనే చేస్తారు. చదివేవాళ్లకు ఇదంతా తెలుసు. వాళ్లింట్లో కూడా ఒక కార్డుంది. మీరు రాసిన కన్నీళ్లు చదువుతూ వాళ్లు మనసులో ఆ కార్డు తీస్తారు. ‘అమ్మను ఎవరు చూసుకుంటారు’ అంటారేమో. సరే, అయితే అన్న మనిషిగా రాత్రిళ్లు బయట తిరిగేవాడు ఏం చూసుకుంటున్నాడు? మీ దృశ్యాల్లో ఒక్కడు కూడా అమ్మకు మాత్ర ఇవ్వలేదు. చెల్లెలి పెళ్లి కూడా ఇంతే. తండ్రి తాగుడు కూడా ఇంతే. తాగే తండ్రయితే ఇంకా తొందరగా బస్సెక్కుతాడు.

నా దొడ్డిదారి పరీక్ష ఇది: మీరు రాసిన కారణం ఫోన్లో పంపించగలిగేదైతే అది వాణ్ని ఊరికి కట్టేసేది కాదు, కొట్టేయండి. పంపలేనిది ఏదో వెతకండి.

ఉదాహరణకు జామీను. కొట్లాటలో మీ కుర్రాడు పక్కన నిలబడ్డాడు, అంతే, పేరు ఎక్కింది. బెయిలు రావాలంటే పూచీ కావాలి. వాళ్ల చిన్నాయన ఎకరన్నర పొలం పాస్‌బుక్కు చూపించి జామీను పడ్డాడు. ఇక ప్రతి వాయిదాకూ కుర్రాడు కోర్టులో కనబడాలి. కనబడకపోతే వారంటు వస్తుంది, పూచీ సొమ్ము చిన్నాయన నెత్తిన పడుతుంది. ఇప్పుడు బస్సు ప్రశ్న వేయండి. బస్సెక్కచ్చు, కానీ చిన్నాయన పొలం మీద కాలు పెట్టి ఎక్కాలి. కేసు వాదించే వకీలును పెట్టింది ఎవరు? అన్న. ఫీజు కట్టింది అన్న. తిరిగి అడిగాడా? అడగడు. అడగకపోవడంలోనే ఉంది అంతా.

మన ఉమ్మడి కడప జిల్లాలో బెంగళూరు కంటే పెద్ద బస్సు ఇంకోటుంది: కువైట్. రాజంపేట, రాయచోటి వైపు ఇంటికొకరు అక్కడున్న ఊళ్లున్నాయి. మీ కుర్రాడికి కూడా బావో మామో వీసా పంపుతాడు. కానీ పాస్‌పోర్టు? 1967 పాస్‌పోర్టుల చట్టం ఆరో సెక్షన్ ప్రకారం క్రిమినల్ కోర్టులో కేసు నడుస్తుంటే పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. ఎఫ్ఐఆర్ పడినంత మాత్రాన కేసు కోర్టులో నడుస్తున్నట్టు కాదు, కోర్టు దాన్ని విచారణకు తీసుకోవాలి. అప్పుడు కూడా దారి మొత్తం మూసుకోదు, కోర్టు అనుమతి తెచ్చుకుంటే ఇస్తారు. అనుమతికి పిటిషను వేయాలి. ఎవరు వేస్తారు? మళ్లీ అన్న పెట్టిన వకీలే. చూశారా, తలుపుకు తాళం వేయలేదు, తాళంచెవి ఇంకొకరి జేబులో ఉందంతే. సుమో రాయడం కంటే ఇది రాయండి.

సెక్షన్ల మాట వచ్చింది కాబట్టి ఒక్క సవరణ. కథ 2025లో జరుగుతుంటే ఎఫ్ఐఆర్ కాగితం మీద 302 ఉండదు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, హత్య 103, హత్యాయత్నం 109. అరుగు మీద కుర్రాళ్లు మాత్రం ఇంకా త్రీ నాట్ టూ, త్రీ నాట్ సెవెన్ అనే అంటారు. మాటలో పాతది, కాగితంలో కొత్తది. అంతే, ముందుకు పోదాం.

బయటి సినిమాలు చూసి నేర్చుకోమన్నాను పోయినసారి. నేర్చుకున్నారు, కాకపోతే వీధి కూడా ఎత్తుకొచ్చారు. కడప ఏడు రోడ్ల దగ్గర కదిలే కార్లోంచి కాల్పులు రాశారొకరు. బాబూ, సాయంత్రం ఆరింటికి అక్కడ కారు కదిలితే గదా! వీధి వదిలేయండి, వాళ్లు బస్సు ప్రశ్నకు ఏం జవాబు చెప్పారో అది చూడండి. ‘బాయ్జ్ ఎన్ ద హుడ్’ 1991లో వచ్చింది. తీసిన జాన్ సింగిల్టన్‌కు అప్పటికి 23 ఏళ్లు, తాను పెరిగిన సౌత్ సెంట్రల్ లాస్ ఏంజెలిస్ కథే రాసుకున్నాడు. అందులో రికీ అనే కుర్రాడికి బస్సుంది. ఫుట్‌బాల్ ఆటతో కాలేజీ సీటు వస్తుంది, పరీక్షలో 700 మార్కులు రావాలి. రికీని సందులో కాల్చి చంపేశాక, ఫలితాల కవరు వాళ్లమ్మ విప్పుతుంది. 710. బస్సు వచ్చింది, ఎక్కేవాడు లేడు. అదే సినిమాలో రికీ స్నేహితుడు ట్రే పగతో స్నేహితుల కారెక్కి, దారిలో దింపేయమంటాడు. దింపేస్తారు. సినిమాలో బయటపడటమంటే అదే, ఒక కారు తలుపు తెరుచుకోవడం.

2002 నాటి ‘సిటీ ఆఫ్ గాడ్’లో, రియో మురికివాడలో, ముఠా సరదా మనిషి బెనె ప్రియురాలితో ఊరు విడిచి పోతానని చెప్పి వీడ్కోలు విందు పెడతాడు. విందులోనే పోతాడు, అదీ వేరేవాడికి పెట్టిన గురికి. 1995 నాటి ఫ్రెంచి ‘లా హేన్’లో ముగ్గురు కుర్రాళ్లకు ప్యారిస్ నుంచి శివారుకు పోయే చివరి రైలు తప్పిపోతుంది. దేశం దేశానికీ బస్సు మారింది, ప్రశ్న మారలేదు.

మన బస్సు మన ఊరి పనుల్లోంచే రావాలి. ఎర్రచందనం తీసుకోండి. అందరూ గొడ్డలి రాస్తారు, దుంగలు రాస్తారు, అడవిలో వెన్నెల రాస్తారు. టౌను కుర్రాడు అడవికే పోడు. వాడు పైలట్. లోడు బండికి కొన్ని కిలోమీటర్లు ముందు బైకు మీద పోతుంటాడు, చెక్‌పోస్టు దగ్గర పోలీసులుంటే ఫోను కొడతాడు. దుంగ ఎట్లుంటుందో కూడా చూసి ఉండడు. ‘బైకు తోలినా, అంతే గదన్నా’ అంటాడు, నిజంగా నమ్మి అంటాడు. తప్పు చేస్తున్నట్టు తెలియనంత చిన్న పనితో మొదలుపెట్టండి. క్రికెట్ బెట్టింగు డబ్బు వసూలుకు తోడుగా పోవడం, ఫైనాన్సు బండి లాక్కొచ్చేటప్పుడు పక్కన నిలబడటం, ఇవన్నీ ఆ కోవే.

ఇక నేను రాసిన దృశ్యం. మొదటి ప్రతి ఎనిమిది పేజీలు, అందులో కత్తి కూడా ఉంది. చెరిపి చెరిపి ఇంతకొచ్చింది.

అన్న ఇంటి వరండా. పొద్దున. అన్న కారం దోశ తింటున్నాడు. కుర్రాడు చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు.

అన్న: కువైట్‌కు పోతావంటనే. మంచిదిబ్బీ.
కుర్రాడు: కోర్టు పర్మిషను కావాలంటన్నా. వకీలు సారు నిన్నొక మాట అడగమన్నాడు.
అన్న: నన్నడిగేదేముందిరా. చేపిస్తా. కూచో.
(కుర్రాడు కూర్చోడు. అన్న దోశ సగం తుంచి ప్లేటు వాడి వైపు జరుపుతాడు.)
అన్న: మీ చిన్నాయన బాగుండాడా?
కుర్రాడు: బాగుండాడన్నా.
అన్న: పాపం, మంచోడు. ఈసారి శనక్కాయ ఏసినాడా?
కుర్రాడు: ఏసినాడు.
అన్న: వాన లేదే. తిను, సల్లారిపోతాది.
(కుర్రాడు కూర్చుంటాడు. కవరు ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లో పెట్టుకుంటాడు.)

మొదట్లో అన్న నోట ‘మీ చిన్నాయన జాగ్రత్త’ అని రాశాను. ఆ మూడు పదాలు కొట్టేయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. వేరుశనగ గురించి అడిగితే చాలు, ఆ పొలం జామీనులో ఉందని ఇద్దరికీ తెలుసు. కుర్రాడు కూర్చోవడమే దృశ్యం. కొందరు దీనికి నేపథ్య సంగీతం ఎక్కడ పెట్టాలని అడుగుతారు. దోశ తుంచిన చప్పుడు చాలు. వాయిస్ ఓవర్ కూడా వద్దు. ‘ఆ రోజు నాకు తెలియదు...’ అని మొదలయ్యే గొంతు ఎవరు పంపినా నేను చదవను, ముందే చెబుతున్నా. దృశ్యం పైన చోటు, వేళ ఎట్లా రాయాలో రెండో పాఠంలో అయిపోయింది, మళ్లీ అడగొద్దు.

నాది ఇంకో అలవాటుంది, కావాలంటే వాడుకోండి. ప్రతి పాత్రకూ దృశ్యం మొదలయ్యేటప్పుడు జేబులో ఏముందో పెన్సిలుతో పక్కన రాసుకుంటా. పై దృశ్యంలో కుర్రాడి జేబులో ఆటో చార్జీకి ఇరవై రూపాయలు, వాళ్లమ్మ ఇచ్చిన దర్గా తాయెత్తు. ఏదీ బయటికి రాదు. కానీ వాడు ఎట్లా నిలబడాలో నాకు తెలిసిపోయింది.

అభ్యాసం. ఈసారి ఇంట్లో కూర్చుని రాసేది కాదు. ఒక రాత్రి తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా మీ ఊరి ఆర్టీసీ బస్టాండులో కూర్చోండి. కడపవాళ్లు కడపలో, కర్నూలువాళ్లు కర్నూల్లో, హైదరాబాదు బండ్ల దగ్గరయినా సరే. ఫోను సంచిలో పెట్టేయండి. ఒంటరిగా వచ్చిన పద్దెనిమిది, ఇరవై ఏళ్ల కుర్రాళ్లను ముగ్గుర్ని గమనించండి: సామానెంత, ఎవరు సాగనంపడానికొచ్చారు, బస్సు వచ్చాక ఎన్నిసార్లు వెనక్కి చూశారు. పేర్లు అడగొద్దు, ఫొటోలు తీయొద్దు. తర్వాత మూడు పేజీలు రాయండి. మీ కుర్రాడి చేతిలో టికెట్టుంది. బస్సు నిలబడి ఉంది. ఎక్కడు. పోలీసులుండకూడదు, కత్తి ఉండకూడదు, ఫోను మోగకూడదు, అమ్మ గురించి ఒక్క ముక్క ఉండకూడదు. మూడో పేజీ చివర కండక్టరు తలుపు వేస్తూ వాడితో ఏదో అంటాడు. ఆ మాట మీరు పుట్టించొద్దు, బస్టాండులో విన్నదే రాయండి.