బైబిల్ పీరియడ్ మీకిచ్చారా? అయితే ఇది చదవండి

మా ఒంగోలు వైపు పల్లెల్లో మిషన్ బడి అంటే తెలియనివాళ్లు ఉండరు. అలాంటి ఒక బడిలో 26 ఏళ్లు మూడు, నాలుగు, ఐదు తరగతులకు పాఠాలు చెప్పాను. తెలుగు, లెక్కలతో పాటు బైబిల్ పీరియడ్ కూడా నాదే. వారానికి రెండు, ఒక్కోటి 40 నిమిషాలు. ఇప్పుడు కొత్తగా చేరిన టీచర్లు ఫోన్ చేస్తుంటారు. "మేడం, టెన్షన్‌గా ఉంది. క్లాసులో సగం మంది హిందువులు, ముస్లింల పిల్లలు. ఏం చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి?" అని. నేను చేసి చూసినవే ఇక్కడ రాస్తున్నాను.

ముందు కాగితం పని. మైనారిటీలు సొంత బడులు పెట్టుకునే హక్కు రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చింది. దాంతో పాటు 28వ అధికరణం మూడో క్లాజు కూడా మనకు గుర్తుండాలి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలోగానీ, ఎయిడ్ తీసుకునే బడిలోగానీ మతబోధనకు కూర్చోమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. చిన్నపిల్లలైతే సంరక్షకుల సమ్మతి ఉండాలి. అందుకని అడ్మిషన్ రోజునే సమ్మతి కాగితం తెలుగులో చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోండి. వద్దన్నవాళ్ల బిడ్డను మాత్రం వరండాలో నిలబెట్టకండి. తనేదో తప్పు చేశానని ఆ బిడ్డ అనుకుంటుంది. నేనైతే బొమ్మల కథల పుస్తకాలిచ్చి పక్క తరగతి టీచర్ దగ్గర కూర్చోబెట్టేదాన్ని.

ఇక పాఠం. నెలకు ఒక్క కథ చాలు. వారానికో కథ చొప్పున సిలబస్ పూర్తి చేయాలని పరిగెత్తితే పిల్లలకు పేర్లు మిగులుతాయి, కథ మిగలదు. ఒక్క కథనే నాలుగైదు పీరియడ్లు తిప్పి తిప్పి చెప్పండి: ఒకరోజు వినడం, ఒకరోజు ఆడి చూపించడం, ఒకరోజు బొమ్మ గీయడం, ఒకరోజు ఊరికే మాట్లాడుకోవడం.

కథ చెప్పేముందు అందులోని వస్తువును పిల్లలకు తెలిసినచోట వెతకండి. ఒక ఏడాది తప్పిపోయిన గొర్రె కథ మొదలుపెట్టాలి. కోతలయ్యాయి, బడి వెనక చేలో గొర్రెల మంద కట్టారు. హెడ్మాస్టరుగారిని అడిగి ఆ కాపరిని తరగతికి పిలిచాను. ఆయన భుజాన గొంగళితో వచ్చి, కుర్చీ వేసినా కూర్చోకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"తాతా, నీకెన్ని గొర్రెలు?"

"నూటికి పైనే."

"ఒకటి తగ్గితే ఎట్టా తెలుస్తది? రోజూ లెక్కపెడతావా?"

"లెక్కెందుకు? మొహాలు తెలుసుగా."

పిల్లలు నోళ్లు తెరిచారు. నాకు మొహాలన్నీ ఒక్కలాగే ఉంటాయి.

"తప్పిపోతే?"

"మందను మావాడికి అప్పజెప్పి పోతా. పొద్దుగూకేలోపు దొరక్కపోతే కుక్కల పాలే."

"దొరికితే కొడతావా?"

"కొట్టేదెందుకమ్మా? అది అప్పటికే బెదిరిపోయుంటది. కాళ్లు వణుకుతుంటయ్. ఎత్తుకొస్తా."

ఆయన వెళ్లాక లూకా 15వ అధ్యాయం తీసి చదివాను. కాపరి దాన్ని భుజాల మీద వేసుకున్నాడన్న చోట వెనక బెంచీలోంచి ఒక పిల్ల, "కాళ్లు వణుకుతున్నయ్ కదా టీచర్, అందుకే" అంది. నేను దానికి ఇంకేమీ కలపలేదు. మీరూ కలపకండి. "కాబట్టి పిల్లలూ, ఈ కథలో నీతి ఏమిటంటే" అని మొదలుపెట్టగానే వాళ్ల కళ్లు కిటికీ వైపు పోతాయి.

లెక్కల టీచర్ కూడా మీరే అయితే ఇంకా మంచిది. దారిలో దెబ్బలు తిని పడున్న పరాయివాణ్ణి కాపాడిన మంచి సమరయుడు, అతణ్ణి చూసుకోమని సత్రం యజమానికి రెండు దేనారాలు ఇచ్చాడని ఉంటుంది. దేనారం అంటే ఎంత? మత్తయి 20లో ద్రాక్షతోట కూలీలకు రోజుకు ఒక దేనారం మాట్లాడుకున్నారు. అంటే రెండు రోజుల కూలి. "మీ అమ్మ పొగాకు పనికో మిరప కోతకో పోతే రోజుకెంత ఇస్తారు?" అని అడగండి, బోర్డు మీద రెండుతో గుణించండి. ముక్కూమొహం తెలియనివాడి కోసం అమ్మ రెండు రోజుల కూలి ఇచ్చేసిందనుకుంటే ఆ కథ వాళ్లకు వేరేగా వినిపిస్తుంది.

యేసును చూడాలని జక్కయ్య ఎక్కింది మన తెలుగు బైబిల్లో మేడిచెట్టు. ఐదో తరగతి పిల్లలు వెంటనే "మేడిపండు చూడ మేలిమై యుండు" అని వేమన పద్యం అందుకుంటారు. ఆపకండి, పూర్తిగా పాడనివ్వండి. పైకి గొప్పగా ఉండి లోపల పురుగులున్న ఒక పన్నుల అధికారి కథకు అంతకన్నా మంచి మొదలు నాకు దొరకలేదు.

కంఠత వాక్యాల గురించి గట్టిగా చెప్పాలి. అర్థం తెలియకుండా బట్టీ పట్టించకండి. "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు" అని తరగతంతా అరిచి చెప్పేది. ఒకరోజు లేమి అంటే ఏమిటని అడిగితే, "రోగం", "దెయ్యం", "నిద్ర" అన్నారు. తప్పు నాదే. మన బైబిల్ భాష పాతది, తొమ్మిదేళ్ల పిల్లకు అది సగం పరభాష. అప్పట్నుంచి ముందు పదం విప్పేదాన్ని: డబ్బాలో బియ్యం లేకపోవడం లేమి, చలికి దుప్పటి లేకపోవడం లేమి. ఆ తర్వాతే కంఠతం. దీనికి మార్కులు వద్దు, బహుమతులూ వద్దు. బహుమతి పెడితే ఇంట్లో రోజూ బైబిల్ చదివేవాళ్ల పిల్లలే గెలుస్తారు, మిగతావాళ్లు ఇది మాది కాదనుకుంటారు.

మన జిల్లా కథలు కూడా చెప్పండి. 1876–78 నాటి పెద్ద కరువులో ఒంగోలు మిషన్‌లో పనిచేసిన అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని ఇప్పించాడు. తోళ్ల వ్యాపారం చేసుకున్న, మన ప్రాంతపు తొలి క్రైస్తవుల్లో ఒకడైన యర్రగుంట్ల పేరయ్య కథ కూడా చెప్పండి. దొరల కథలొక్కటే చెబితే పిల్లలు తమ తాతలను ఆ కథలో చూసుకోలేరు.

"మీ దేవుడు గొప్పా, మా దేవుడు గొప్పా?" అని ఎవరో ఒకరు అడుగుతారు, ఖాయం. నేను చెప్పేది ఇంతే: "నేను యేసయ్యను ప్రేమిస్తాను, అందుకే ఆయన కథలు చెబుతున్నా. మీ ఇంట్లో ఏం చెబుతారో రేపు నాకు చెప్పు." మర్నాడు తప్పకుండా వినండి. ప్రార్థనప్పుడు కళ్లు మూసుకోమని ఎవరినీ గద్దించకండి, నిశ్శబ్దంగా కూర్చుంటే చాలు.

ఒక్క కథ విషయంలో మాత్రం జాగ్రత్త. ఇల్లొదిలి వెళ్లిన కొడుకు తండ్రి దగ్గరికి తిరిగొచ్చే తప్పిపోయిన కుమారుడి కథ చెప్పిన రోజు నాలుగో తరగతి పిల్లాడొకడు బెల్లు కొట్టాక కూడా కదల్లేదు. "టీచర్, కొడుకు కాకుండా నాన్న వెళ్లిపోతే? తిరిగొస్తాడా?" అన్నాడు. వాళ్ల నాన్న ఇల్లొదిలి వెళ్లి అప్పటికి ఏడాది. ఆ సంగతి నాకు తెలియదు. "నాకు తెలియదు నాన్నా" అన్నాను, వాడి పక్కన కూర్చున్నాను. మధ్యాహ్న భోజనం గంట కొట్టేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం. అప్పటినుంచి జూన్‌లో బడి తెరవగానే ప్రతి పిల్ల ఇంటికీ ఒకసారి వెళ్లొచ్చాకే ఆ ఏడాది చెప్పాల్సిన కథలు ఎంచుకున్నాను.