రెండు దేశాల బడిపిల్లలతో ఒకే నాటకం: విశాఖ ఉపాధ్యాయులకు కొన్ని సూచనలు

విశాఖపట్నంలోని ఒక ఉన్నత పాఠశాల పిల్లలు, బ్రిటన్‌లోని ఒక బడి పిల్లలు కలిసి నాటకం తయారు చేయాలనుకున్నప్పుడు, అది నిజంగా ఒకే నాటకమా కాదా అన్నది ముందుగా తేల్చుకోవాలి. ఇటువైపు పిల్లలు ధింసా ఆడి, అటువైపు పిల్లలు తమ పాట పాడి, చివర రెండు జెండాలు ఊపితే అవి ఒకే రోజున జరిగిన రెండు వార్షికోత్సవాలు మాత్రమే అవుతాయి. ఒక దేశపు పిల్లల దృశ్యాలను తీసివేస్తే మిగిలినది కథగా నిలబడకూడదు. ఈ పరీక్షను మొదటి నుంచీ దగ్గర పెట్టుకుంటే తక్కిన నిర్ణయాలు చాలావరకు దాని వెంటే వస్తాయి.

పిల్లలు ఒకరినొకరు చూడకముందే ఇరువైపుల ఉపాధ్యాయులు కనీసం ఒక నెలపాటు మాట్లాడుకోవాలి. ప్రభుత్వ, మున్సిపల్ పాఠశాలలైతే ప్రధానోపాధ్యాయుల ద్వారా విద్యాశాఖ అనుమతిని రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. తరగతి అంకెను బట్టి కాక వయసును బట్టి పిల్లలను జతచేయాలి, ఎందుకంటే రెండు దేశాల తరగతుల లెక్క ఒకటి కాదు. పదో తరగతి పిల్లలను ఇందులోకి లాగకపోవడమే న్యాయం.

ఆ తరువాత క్యాలెండరు. మన బడులు జూన్‌లో తెరుచుకుంటాయి, బ్రిటన్ బడులు చాలావరకు సెప్టెంబరులో. ఇక్కడ దసరా, సంక్రాంతి సెలవులు ఉంటే అక్కడ అక్టోబరు చివర ఒక వారం, క్రిస్మస్‌కు రెండు వారాలు సెలవులు ఉంటాయి. మార్చి వచ్చిందంటే మనకు ఒంటిపూట బడులు, పరీక్షలు. ఈ లెక్కన చేతిలో మిగిలేది సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి మొదటి వారం వరకే. ప్రదర్శనను అక్టోబరు, నవంబరు నెలల్లో పెట్టుకోవద్దని గట్టిగా చెబుతాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన ఊరు మనది. ఆ రోజుల్లో కరెంటు, ఫోన్లు ఏమయ్యాయో విశాఖవాసులకు వేరే గుర్తుచేయనక్కరలేదు. సంక్రాంతి దాటాక, జనవరి చివరి శనివారం అన్నివిధాలా అనుకూలం.

గడియారం విషయంలో ఒక చిక్కు ఉంది. మన సమయం ఏడాది పొడవునా మారదు కానీ, బ్రిటన్‌లో అక్టోబరు చివరి ఆదివారం గడియారాలను ఒక గంట వెనక్కి, మార్చి చివరి ఆదివారం ఒక గంట ముందుకు జరుపుతారు. అందువల్ల అక్టోబరులో మన మధ్యాహ్నం మూడు గంటలకు అక్కడ ఉదయం పదిన్నర అయితే, నవంబరులో అదే మూడు గంటలకు తొమ్మిదిన్నర అవుతుంది. రెండు కాలాల్లోనూ అక్కడ బడి నడుస్తూ, ఇక్కడ ఇంకా ఇంటిగంట కొట్టని సమయం కాబట్టి వారానికొకసారి మూడు గంటలకు, నలభై ఐదు నిమిషాల పాటు కలవాలని ఖాయం చేసుకోవచ్చు.

పిల్లల భద్రత గురించి రాజీ ఉండకూడదు. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వారి సమాచారం వాడుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతిని తప్పనిసరి చేస్తుంది. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి. ఏది రికార్డు చేస్తారో, ఎవరు చూస్తారో, ఎప్పుడు చెరిపేస్తారో అందులో రాయాలి. చదవలేని తల్లిదండ్రులను బడికి పిలిచి చదివి వినిపించాలి. సంభాషణ అంతా బడి ఖాతాల ద్వారానే సాగాలి, పిల్లల ఫోన్ నంబర్లు చేతులు మారకూడదు, కాల్ జరుగుతున్నంతసేపూ గదిలో ఇద్దరు పెద్దలు ఉండాలి.

ఇక కథ. దీనికే ఎక్కువ కాలం కేటాయించండి. ‘మీ సంస్కృతి గురించి చెప్పండి’ అని అడిగితే రెండు వైపుల నుంచీ పాఠ్యపుస్తకం వాక్యాలే వస్తాయి. దానికి బదులు, ఇంటి నుంచి బడికి వచ్చేలోగా వినిపించే శబ్దాలను ఒక్క నిమిషం రికార్డు చేసి పంపుకోమనండి. జాలరిపేట పిల్ల పంపిన నిమిషంలో అల, చేపలవేలం, బస్సు హారను ఉంటాయి. అవతలి పిల్లవాడి నిమిషంలో వానచప్పుడు, గల్స్ అనే సముద్రపు పక్షుల అరుపులు ఉండవచ్చు. అప్పుడు పిల్లలు తమంత తాము ప్రశ్నలు అడుగుతారు, నాటకం ఆ ప్రశ్నల్లోంచే పుడుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. మన జతబడి ఇంగ్లండ్ నైరుతి భాగంలో, బ్రిస్టల్ ఛానెల్ ఒడ్డున ఉందనుకుందాం. గరాటులాగా సన్నబడే ఆ సముద్రపు పాయలో పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం తేడా కొన్ని రోజుల్లో 12 మీటర్లు దాటుతుంది. పాటు సమయంలో సముద్రం చాలా దూరం వెనక్కి పోయి బురదమైదానం బయటపడుతుంది. ఆర్‌కే బీచ్ దగ్గర ఆ తేడా రెండు మీటర్లు కూడా ఉండదు. సముద్రం రోజూ ఊరు వదిలి వెళ్లిపోయే చోట పెరిగిన పిల్లకూ, సముద్రం ఎన్నడూ కదలని చోట పెరిగిన పిల్లవాడికీ మధ్య ఎంత కథ ఉందో పిల్లలు మనకంటే ముందే పసిగడతారు. ఆ పిల్ల బురదలో కూరుకుపోతుంది, పోటు తిరిగి వస్తోంది, ఆమెను లాగవలసిన తాడు మాత్రం విశాఖ చేపలరేవులో ఉంది: ఈ ఒక్క చిక్కుముడి చాలు, రెండు బడులకూ మూడు నెలల పని.

రాసేటప్పుడు ఒక నియమం బాగా పనిచేస్తుంది. ఒకవైపు వారు దృశ్యాన్ని ముడిపడే దాకా రాసి పంపాలి, విప్పడం రెండోవైపు వారి వంతు. పంపిన దాన్ని దిద్దే హక్కు అవతలివారికి ఉంటుంది, కొట్టేసే హక్కు ఉండదు. ఇక్కడ ఉపాధ్యాయులు ఒక విషయం కనిపెట్టుకొని ఉండాలి. తెలియకుండానే కథ జాలి వైపు జారిపోయి, అటువైపు పిల్లలు ఇచ్చేవాళ్లుగా, ఇటువైపు పిల్లలు పుచ్చుకునేవాళ్లుగా మారిపోతే, మన పిల్లలకు ఆ నాటకం మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. పైన చెప్పిన కథలో తాడు మన రేవులో ఉండడానికి కారణం అదే.

భాష సంగతిలో నా అభిప్రాయం స్పష్టం: మన పిల్లలు తెలుగులోనే ఆడాలి. నాటకమంతా ఇంగ్లీషులో అన్న మరుక్షణం పాత్రలు ఇంగ్లీషు బాగా వచ్చిన నలుగురికి పోతాయి, గొంతూ అభినయమూ ఉన్న పిల్లలు వెనుక వరుసలో చెట్లూ కొండలూ అవుతారు. తెలుగు కూడా వాళ్ల తెలుగే కావాలి; ‘ఏటైనాది మామా?’ అని అడిగే పిల్లవాడి చేత ‘ఏమి జరిగినది మామా?’ అనిపించనక్కరలేదు. అవతలి ప్రేక్షకులకు అర్థం కావడానికి చేష్ట ఉంది, బదులిచ్చే పాత్ర ఉంది, అన్నిటికంటే మించి కథ చెప్పే బృందం ఉంది.

ఆ బృందానికి మన బుర్రకథ అక్కరకు వస్తుంది. మధ్యలో తంబురాతో కథకుడు, పక్కన గుమ్మెటలతో ఇద్దరు వంతలు, వారిలో ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కథకుడు ఒక మాట అనడం, వంత అడ్డుతగలడం, మళ్లీ కథకుడు అందుకోవడం, ఇదంతా వంతులవారీ పద్ధతి. వీడియో కాల్‌కు కావలసింది సరిగ్గా అదే, ఎందుకంటే రెండు దేశాల పిల్లలు కాల్‌లో ఒకేసారి పాడడం అయ్యే పని కాదు. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్ల వేగంతో పోయినా, ఎనిమిది వేల కిలోమీటర్లకు పైబడిన దారి, దానికి తోడు బొమ్మనూ శబ్దాన్నీ మడిచి విప్పే సాఫ్ట్‌వేర్ తీసుకునే సమయం కలిసి మాటను వెనక్కి లాగుతాయి. నమ్మకం కుదరకపోతే రెండువైపులా కలిసి చప్పట్లు కొట్టించి చూడండి: ఒకరి కోసం ఒకరు ఆగుతూ తాళం క్రమంగా నెమ్మదించి, చివరికి చెదిరిపోతుంది. అందుకని అటు ఒక పిల్లను వంతగా పెట్టి, ఆమె మాట వచ్చేలోగా ఏర్పడే ఖాళీని ఇక్కడి గుమ్మెట దరువుతో నింపాలి. ఒకరు మాట ముగించి చేయి దించాకే మరొకరు అందుకోవాలన్న గుర్తును మొదటి రిహార్సల్ నుంచే అలవాటు చేయాలి.

వేదిక మీద తెరను వెనుక గోడ మధ్యలో వేలాడదీస్తే అవతలి పిల్లలు సినిమాలో మనుషుల్లా కనిపిస్తారు. తెరను ఒక పక్కగా, నేలకు దగ్గరగా పెట్టి, వాళ్ల మనిషి ఎత్తూ మన మనిషి ఎత్తూ సమానంగా కనిపించేలా చూడాలి. కెమెరాను తెర పక్కనే కంటి ఎత్తులో పెడితే ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నట్టు ఉంటుంది. ఇప్పుడు తాడు దృశ్యం: మన పిల్లలు పట్టుకున్న తాడు తెర అంచున దాచిన కొక్కేనికి కట్టి ఉంటుంది, అవతలి వేదిక మీద అదే రంగు తాడు అదే అంచు నుంచి బయటికి వస్తుంది. ‘లాగండ్రా!’ అన్న కేకకు ఇటు తాడు బిగిస్తే, అరక్షణం తరువాత అటు పిల్ల ముందుకు తూలుతుంది, ఆ ఆలస్యమే బరువులా కనిపిస్తుంది. అయితే చాలా యాప్‌లలో మన బొమ్మ మనకు అద్దంలోలాగా తిరగబడి కనిపిస్తుంది, అవతలివారికి అలా కనిపించదు. కాబట్టి తాడు ఏ వైపు నుంచి రావాలో అవతలి ఉపాధ్యాయులను అడిగే నిర్ణయించాలి.

స్పీకరు శబ్దం మైకులోకి తిరిగిపోకుండా ఒక విద్యార్థికి హెడ్‌ఫోన్ ఇచ్చి, వంతును బట్టి మైకులు తెరిచి మూసే బాధ్యత అప్పగించాలి. వైఫై వద్దు, కేబులే వాడాలి. ప్రతి దృశ్యం రికార్డు ముందే ఒకటి సిద్ధంగా ఉంటే లైను తెగినా నాటకం ఆగదు. సిరిపురంలోని గురజాడ కళాక్షేత్రం వంటి పెద్ద హాలు పిల్లలకు గర్వకారణమే కానీ, రోజూ సాధన చేసిన బడి హాలులో నెట్టూ శబ్దమూ మన అదుపులో ఉంటాయి.

సినిమా పాటలు పెట్టవద్దు. మన 1957 కాపీరైటు చట్టం విద్యాసంస్థలో విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రుల ముందు జరిగే ప్రదర్శనకు మినహాయింపు ఇస్తుంది. బ్రిటన్ 1988 చట్టంలో మాత్రం తల్లిదండ్రులు అయినంత మాత్రాన ఆ ప్రేక్షకుల లెక్కలోకి రారు. పిల్లలే కట్టిన పాటలు, తప్పెటగుళ్ల దరువులు, అవతలి ఊరి పాత పడవ పాటలు ఉంటే ఈ చిక్కే ఉండదు.

ప్రదర్శన సమయం శనివారం సాయంత్రం అయిదున్నర. అక్కడ సరిగ్గా మధ్యాహ్నం పన్నెండు అవుతుంది కాబట్టి రెండువైపులా తల్లిదండ్రులు రాగలుగుతారు. అదే అక్కడ సాయంత్రం ఆరుకు పెడితే ఇక్కడ రాత్రి పదకొండున్నర. నాటకం ముగిశాక ప్రసంగాలు, సన్మానాలు పెట్టకుండా, లైనును ఇంకో ఇరవై నిమిషాలు తెరిచి ఉంచి పిల్లలను ఒకరితో ఒకరు మాట్లాడుకోనివ్వండి. తరువాతి వారం రెండు తరగతులూ మరోసారి కూర్చుని ఏ దృశ్యం ఎవరికి అర్థమైందో, ఏది కాలేదో చెప్పుకోవాలి; సమ్మతి పత్రంలో రాసిన తేదీకి రికార్డులు చెరిపివేసి, ఆ సంగతిని తల్లిదండ్రులకు తెలియజేయాలి.